పాప పలివెలవారి పిల్లట

ఎడిసన్, న్యూజెర్సీ
2 మే 1984

ప్రియమైన బావగారికి,

దేవునికి వేవేల స్తోత్రాలు! మన సుగుణకు ఆడపిల్ల పుట్టింది. ఎంత ముద్దుగా ఉందో రాయడానికి నా చదువు చాలదు.

అల్లుడు షిల్లాంగ్ ఖాసీ అబ్బాయి కదా, వాళ్ళలో బిడ్డకు తల్లివైపు ఇంటిపేరే వస్తుందట. ఆ మాట వినగానే మా చాట్లవారి పేరు అమెరికాలో నిలిచిందని హాస్పిటల్ అంతా చాక్లెట్లు పంచాను. సుగుణ ఒకటే నవ్వు. "మీది కాదు డాడీ! వాళ్ళ లెక్కలో నాకూ అమ్మ పుట్టింటి పేరేనట. అంటే పాప పలివెల. వాళ్ళలో మేనమామదే పెద్దరికమట, పేరు కూడా మామయ్యని అడిగే పెట్టాలంటున్నారు ఈయన."

అంటే మీరు! అప్పటినుంచి మీ చెల్లెలు నేలమీద నడవడం లేదు. విమానమెక్కి వచ్చింది నేను, పాప వేలు పట్టుకుంది నాది, పెత్తనం మాత్రం మీది. నాకు కుళ్ళుగానే ఉంది బావగారూ, దాచను.

సుగుణ పుట్టినప్పుడు మీరు అత్తమ్మగారి పేరు పెట్టమని అడిగితే, "పిల్ల మా ఇంటిది, మీకేం పని?" అన్నాను. మీరు అన్నం తినకుండా వెళ్ళిపోయారు.

జూన్ ఇరవై నాలుగున చర్చిలో పేరు పెడతారు. మీ ఉత్తరం కోసమే ఆగారు. అత్తమ్మగారి పేరు, దీనమ్మ అనే రాయండి. అందరిముందూ నేనే లేచి చదువుతాను.

మీ బావ