శనివారం పెట్టుకోమన్న నీలం

తిరుపతి,
7-11-1983

ప్రియమైన చెల్లి పంకజవల్లికి,

అక్కయ్య కోమలవల్లి ఆశీస్సులు. అమ్మ పోయాక ఆమె ముక్కుపుడక నేనే ఉంచుకున్నానని నీ మనసులో ఉంటుంది. ఏడేళ్ళుగా మా గడప తొక్కలేదు నువ్వు. అందుకే నీకొక నీలపుటుంగరం పంపుతున్నాను. మీ బావ ఆఫీసు జవాను మునస్వామి తెచ్చి ఇస్తాడు. కాశ్మీరు రాయి. ఆ గని ఎప్పుడో వట్టిపోయిందట, ఇప్పుడు కావాలన్నా దొరకదు. శనివారం తలస్నానం చేసి నడివేలికి పెట్టుకో. వదులైతే దారం చుట్టుకో. వారం రోజులు అసలు తీయొద్దు. ఒంట్లో ఎలా ఉందో కార్డు రాస్తూ ఉండు.

నీ అక్కయ్య,
కోమల

చిత్తూరు,
10-11-1983

ప్రియమైన అక్కయ్యకు,

నమస్కారాలు. ఉంగరం అందింది. ఆయన పోయాక నా చేతికి ఎవరూ ఏమీ పెట్టలేదు. కిటికీ దగ్గర పెట్టి చూశాను, అచ్చం నెమలి మెడ రంగు. మా అక్కయ్య పంపిందని బడిలో తోటి టీచర్లందరికీ చెప్పుకున్నాను. ముక్కుపుడక మాట ఇక ఎత్తకు. శనివారం స్వామికి దీపం పెట్టి వేసుకుంటాను. వైకుంఠ ఏకాదశికి కొండకు వచ్చినప్పుడు మీ ఇంట్లోనే దిగుతాను.

నీ చెల్లెలు,
పంకజ

తిరుపతి,
23-11-1983

ప్రియమైన పంకజకు,

ఒక్క కార్డు కూడా లేదేం? జ్వరం గానీ, కాలు జారి పడటం గానీ ఏమీ లేదు కదా? నువ్వు రోజూ బడికి వెళ్తున్నావని చిత్తూరు వచ్చి వెళ్ళిన మునస్వామి చెప్పాక నా గుండె కుదుటపడింది. మా అబ్బాయి చలపతికి ఏలినాటి శని పట్టింది. జ్యోతిష్కులు నీలం వేయమన్నారు. వాడిదీ నీదీ ఒకే నక్షత్రం, అనూరాధ. నీకు పడింది కాబట్టి వాడికీ పడుతుంది. ఉంగరం మునస్వామికి ఇచ్చి పంపు. నీకు వేరే ఏదైనా చేయిస్తాను.

నీ అక్కయ్య,
కోమల

చిత్తూరు,
26-11-1983

అక్కయ్యకు,

ఉంగరం పంపుతున్నాను.

శనివారానికి ముందురోజే దాన్ని బిగుతు చేయించాలని కంసాలి పెంచలయ్య దగ్గరకు వెళ్ళాను. "ఎవురి కోసరమమ్మా ఈ పరీక్ష?" అన్నాడు. నాకు అర్థం కాలేదు.

"ఇది మొగోళ్ళ ఉంగరం. రాయి బిగించలా సూడు, లక్కతో అతికించినారు. నీలం పడతాదో, కీడు సేస్తాదో తెలిసేదాకా ఎవురూ బిగించరు. నీ మింద సూస్తా ఉండారా, తల్లీ?"

"మా అక్కయ్య ఇచ్చింది," అన్నాను. ఆయన ఉంగరాన్ని అలాగే నా చేతిలో పెట్టేశాడు.

ఆయన పొరపడ్డాడేమో అనుకుంటూ ఇన్నాళ్ళూ ఉన్నాను. నీ ఉత్తరం వచ్చాక ఆ ఆశ కూడా పోయింది. నేను విధవను, పిల్లలు లేరు. కీడు జరిగినా నష్టం లేదనుకున్నావు.

ఉంగరం నేను ఒక్క పూట కూడా పెట్టుకోలేదు. నాకు పడిందనుకుని బిడ్డ వేలికి తొడగవద్దు. చలపతిని ఈ చేతులతో ఎత్తుకుని పెంచాను. "వాడి కోసం నువ్వు వేసుకుని చూడవే" అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ రోజే వేసుకునేదాన్ని.

ఏకాదశికి సత్రంలో దిగుతాను.

పంకజవల్లి