మా కొట్టం గచ్చు

గౌలిపుర,
14 మే 2006

మాటల దోస్తు సాహిత్యకు,

మీ నాన్నగారికి కాకినాడ బదిలీ అయి, మీరు మలక్‌పేట ఇల్లు ఖాళీ చేసి ఏడాది కావొస్తోంది. ఆయన ఉద్యోగం బదిలీ అయింది గానీ, ఏదైనా జరిగితే నీకు చెప్పుకునే నా అలవాటు ఎక్కడికీ బదిలీ కాలేదు.

నాకొక పెద్ద పని దొరికింది. కిందటి ఆగస్టులో మూడు గంటల వానకే మా గల్లీ చివరి ఇళ్ళు మునిగాయని రాశాను కదా. అలాంటి వాన మళ్ళీ వస్తుందని అందరికీ భయం. వెనకటి వాన నెల పొడుగునా పడేదట. ఇప్పుడు నెల వానంతా ఒక్క మధ్యాహ్నంలో కుమ్మరించి పోతోంది. దరఖాస్తులు ఇచ్చి ఇచ్చి విసిగిపోయిన బస్తీవాళ్ళు, ఈసారి వానలకు ముందే గల్లీ నుంచి వెనక పారే మురుగు నాలాలోకి తామే కాలువ తవ్వుకోవాలనుకున్నారు. డాబా ఉన్నవాళ్ళు ఏ ముసలివాళ్ళను పైకి చేర్చాలో కూడా ఇంటింటికీ రాసుకున్నారు. కాలువ ఎటు పోవాలో తేల్చడానికి మాత్రం ఇళ్ళూ ఎత్తుపల్లాలూ గీసిన నక్ష కావాలి. తాపీమేస్త్రీ అంజన్న నా వైపు చెయ్యి చూపించాడు. "లింగన్న బిడ్డ డిగ్రీ సదువుతున్నది. మస్తు రాస్తది. ఆమెకియ్యుండ్రి."

ముప్పై ఒక్క ఇళ్ళు తిరిగాను. మాది పాలవాళ్ళ గల్లీ. నీళ్ళు ఎంత వచ్చాయంటే ఎవరూ అడుగుల్లో చెప్పరు. వరద వస్తే ముందు బర్రెల దగ్గరికే పరుగెత్తుతారు, పొదుగుకు మురికినీళ్ళు తగిలితే వాచి పాలు పోతాయని. అందుకే "మోకాళ్ళ దాక", "పొదుగు దాక" అంటారు. బర్రెలు అమ్మేసుకున్నవాళ్ళదీ అదే లెక్క. బుచ్చయ్య తాత అయితే "నా బర్రె మూతి పైకి లేపి నన్నే తిట్టింది బిడ్డా" అన్నాడు. నేను టేపుతో మా బర్రెను కొలిచి (రెండుసార్లు తన్నింది) ఆ మాటలన్నిటినీ అడుగుల్లోకి మార్చాను. నువ్వు నేర్పిన మెరక, పల్లం అనే మాటలు నక్ష మీద రాస్తుంటే ఎంత గర్వంగా ఉందో.

నాలాకు ఆనుకుని రెండే ఇళ్ళున్నాయి, మాదీ, సుశీలమ్మ పెద్దమ్మదీ. ఆమెకు ఎవరూ లేరు. వంటింట్లో అప్పడాలు చేసి అమ్ముకుని బతుకుతుంది. ఆమె వంటింట్లో నీళ్ళు మోకాళ్ళ దాక వచ్చాయట. బాపును అడిగితే మా బర్రెల కొట్టంలో "గిట్టలు తడిసినయ్, గంతే" అన్నాడు. అంటే ఆమెది పల్లం, మాది మెరక. కాలువ ఆమె వంటిల్లు కూలగొట్టి అందులోంచే పోవాలి. ఈ రోజు అందరి ముందూ నక్ష చదివాను. పెద్దమ్మ చేతులకంటిన అప్పడాల పిండి దులుపుకుంది. తర్వాత "సదువుకున్న పోరి రాసింది. పోతె పోనీ" అంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకెందుకో ఆ మెప్పు నచ్చలేదు. కారణం వెతుకుతున్నాను, దొరకడం లేదు.

నీ అమల


గౌలిపుర,
28 మే 2006

సాహిత్యా, నా ప్రాణమా,

ఇది చదివి చింపెయ్.

నిన్న పేడ ఎత్తడానికి కొట్టంలోకి వెళ్తూ మూడు మెట్లు ఎక్కాను. రోజూ ఎక్కే మెట్లే. నిన్న మాత్రం మూడో మెట్టు మీద ఆగిపోయాను. చిన్నప్పుడు ఈ మెట్లు లేవు. వాకిట్లోంచి నేరుగా కొట్టంలోకి పరుగెత్తేదాన్ని. రెండువేల సంవత్సరం వరదలో మా రెండు బర్రెలు చచ్చిపోయాక, బాపు రాళ్ళూ మట్టీ పోసి, పైన బండలు పరిచి, గచ్చు రెండడుగులకు పైనే లేపాడు. బర్రెలు ఎక్కడానికి పక్కన వాలు కట్టాడు.

నీకు అర్థమైందా? కిందటేడు గిట్టలు తడిశాయంటే, ఆ గిట్టలు రెండడుగుల ఎత్తు మీద ఉన్నాయి! అసలు పల్లం మాది. నీళ్ళు పూర్వం మా కొట్టంలోంచే నాలాలోకి పోయేవి. మా గచ్చుకు కొట్టుకుని ఇప్పుడు పెద్దమ్మ వంటింట్లోకి తిరుగుతున్నాయి. ఆమె వంటిల్లు కూలగొట్టినా నీళ్ళు పోవు, ఆమె ఇల్లు మాత్రం పోతుంది. నేను అందరి బర్రెలనూ లెక్కపెట్టాను, మా బర్రె దేని మీద నిలబడిందో చూడలేదు.

అమ్మకు చెప్పాను. "నోరు మూసుకో. గచ్చు తవ్వుతె ఆరు బర్రెలను యాడ కట్టాలె, నీ నెత్తి మీదనా? మీ బాపు రెక్కలు ముక్కలు చేసుకుని కట్టిండు" అంది. అదీ నిజమే. బాపు ఎవరికీ చెడు తలపెట్టలేదు. తన బర్రెలను బతికించుకున్నాడు, అంతే. అయితే తప్పు ఎవరిది? వానదా? నాదా? పొద్దున చెప్పెయ్యాలనిపిస్తుంది. బాపు పాలు పిండుతుంటే వీపు చూసి వద్దనిపిస్తుంది. చివరికి చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను. పూటకోసారి మారేదాన్ని నిర్ణయం అనొచ్చో లేదో, నువ్వే చెప్పాలి.

ఏమీ తెలియని
అమల


గౌలిపుర,
11 జూన్ 2006

సాహిత్యా,

చెప్పేశాను.

పోయిన ఆదివారం అందరూ గడ్డపారలతో వచ్చారు. పెద్దమ్మ అప్పటికే వంటిల్లంతా ఖాళీ చేసింది. పొయ్యి గడప బయట పెట్టుకుని అందరికీ చాయ్ కాస్తోంది. నా చేతికి గ్లాసిచ్చి, "ఏ గోడ ముందు కొట్టాలె, నువ్వే సూపియ్యి బిడ్డా. నువ్వు సూపిస్తె నాకు ఫికర్ లేదు" అంది. ఆ మాటకు నా నిర్ణయం నిలబడలేదు.

"పెద్దమ్మా, నక్ష తప్పు. పల్లం మాది."

"ఏందమ్మా, గడ్డపార లేపినంక చెప్తున్నవా?" అన్నాడు అంజన్న.

బాపు ముందుకొచ్చాడు. "గిట్టలే తడిసినయ్ అన్న గద!"

"గిట్టలు గచ్చు మీదున్నయ్ బాపూ."

అంజన్న ఇళ్ళు కట్టేటప్పుడు మట్టం చూసే నీళ్ళ పైపు తెచ్చాడు. ఒక కొస పెద్దమ్మ వంటింటి నేల దగ్గర, ఇంకో కొస మా మెట్ల మొదట్లో పట్టించాడు. పైపులో నీళ్ళు నిజం దాచలేదు. మా నేల ఆమె నేల కన్నా జానెడు కిందికే ఉంది.

"అంటె ఇన్నేండ్ల సంది మా ఇండ్లకు నీళ్ళు తోలుతున్నది నువ్వా లింగన్నా?" అని గుంపులోంచి ఎవరో అన్నారు.

"నా బర్రెలు సచ్చిననాడు మీరెవ్వరన్న వచ్చిన్రా?" అన్నాడు బాపు. "రెండు బర్రెలను నేనొక్కణ్నే గుంజిన."

బాపు లోపలికి పోయాడు. తలుపు వేసుకుంటాడనుకున్నాను. ఒక బర్రెను విప్పి గల్లీలోకి తెచ్చాడు. తర్వాత ఇంకోటి. మూడోదాన్నీ దాని దూడనూ తెచ్చి, ఎక్కడ కట్టాలో తెలియక తాడు పట్టుకుని నిలబడ్డాడు. బుచ్చయ్య తాత వచ్చి మొదటి రెండిటినీ తన వాకిట్లోకి తోలుకుపోయాడు.

పెద్దమ్మ లేచింది. "నా వంటిల్లు ఖాళీనే ఉన్నది గద. దూడను, తల్లిని ఈడ కట్టెయ్. పేడ మాత్రం నువ్వే ఎత్తాలె, నేను ముట్ట."

అంజన్న నవ్వాడు. అతని వెంట అందరూ నవ్వారు, బాపు తప్ప. సాయంత్రానికి సగం గచ్చు తీసేసి, కొట్టం అంచున కాలువ తవ్వారు. మిగతా మూడు బర్రెలు మిగిలిన సగం మీద ఇరుక్కుని ఉన్నాయి.

వారమైంది. బాపు నాతో మాట్లాడలేదు. పెద్దమ్మ మాత్రం గడపలో వంట చేసుకుంటూ "లింగన్నా, నీ దూడ నా గోడ నాకుతున్నది" అని రోజూ లొల్లి పెడుతోంది. నేను నిజం చెప్పానా, బాపును పదిమందిలో పట్టించానా? ముందు ఇంట్లో ఆయనకే చెప్పి ఉండాల్సిందా? చెప్పి ఉంటే ఆ తాడు ఆయనే విప్పేవాడా? ఎంత రాసుకున్నా తేలడం లేదు.

ఈ పొద్దున బాపు పాల బిందె దించి, నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఆ కాయితంల ఇంకేమన్న తప్పు రాసినవా? వాన రాకముందే చెప్పు."

నోట్‌బుక్ తీసుకుని మళ్ళీ మొదటి ఇంటి తలుపు కొట్టాను. మబ్బు పట్టింది. ఇప్పటికి ఐదు అయ్యాయి, ఇంకా ఇరవై ఆరు ఇళ్ళున్నాయి. ఉంటాను.

అమల