తడి గోనె

పాలకొల్లు,
ఆదివారం.

చి.ల.సౌ. రామలక్ష్మికి,

ప్రసాదు ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ హారతీ బాగానే ఉన్నాం. మస్కట్‌లో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. మీ నాన్నగారు కూడా క్షేమమేనని ఈ వరసలోనే రాసేసేవాణ్ణి గానీ, ఈసారి అబద్ధం రాయకూడదని కూర్చున్నాను. ఫోనులో చెబుదామని నాలుగుసార్లు మొదలెట్టి "అన్నం తిన్నావా" దగ్గరే ఆగిపోయాను. నాగశ్రీ ఎల్లుండి మీ హాస్పిటల్‌కి తిరిగి వస్తోంది కదా, ఈ ఉత్తరం తన చేతికిస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. హారతి లెక్కల్లో గట్టెక్కింది. జడ నేనే వేస్తున్నాను. "మీ నాన్న వైరింగ్ చేశాడా?" అని బడిలో నవ్వుతున్నారట. ఆవకాయ జాడీ నాగశ్రీ తెస్తుంది. పెట్టింది సంపూర్ణమ్మ పిన్ని. మీ అమ్మ చేతి రుచి రాదు, ముందే చెబుతున్నాను.

ఇక నువ్వు ఆఖర్న రాసిన మాట. "ఒక్క బకెట్టు నీళ్లు పొయ్యడం మర్చిపోయి నాన్న మా అమ్మని చంపుకున్నాడు, ఆయన గొంతు వినలేను" అన్నావు. ఆ బకెట్టు సంగతి మొదటినుంచీ చెబుతాను.

మావయ్యగారు ఆటోమేటిక్ ట్రక్కు ఎందుకు కొన్నారో నీకు తెలుసు. పక్షవాతం వచ్చిన ఎడంకాలు క్లచ్ తొక్కలేదు. రొయ్యల చెరువుకి మేత తోలుకోవాలంటే ఆ బండే ఆయనకి ఆధారం. అందులో గేర్ ఆయిల్ రేడియేటర్ లోపల తిరిగి, అక్కడి నీళ్లకి చల్లారుతుంది. ఏప్రిల్‌లో లోపల చిల్లు పడి బండి నా వర్క్‌షాపుకే వచ్చింది. నీళ్లు ఆయిల్‌లో కలిస్తే గేర్‌బాక్సు చచ్చినట్టే. కొత్త రేడియేటర్ తెప్పించి పాత పద్ధతే ఉంచాలా, లేక ఆయిల్‌ని బయటికి లాగి, ముందు గ్రిల్ వెనక గాలికి చల్లారే కూలర్ పెట్టాలా అని ఆలోచించాను.

"నీళ్లతోనా, గాలితోనా అల్లుడుగారూ?" అన్నారాయన.

"గాలేనండి. నీళ్లకీ నూనెకీ ఎప్పుడూ పడదు" అని గొప్పగా చెప్పి కూలరే బిగించాను.

హైవే మీద అయితే అది మంచి పనే. మేత లోడుతో కాలవ గట్టు మీద పాక్కుంటూ వెళ్లే బండికి గాలెక్కడ తగులుతుంది? కూలర్‌కి విడిగా ఒక ఫ్యాన్ పెట్టాలి. నాకు తెలుసు. ఫ్యాన్ తెప్పించాను కూడా. అట్టపెట్టె విప్పకుండా ఇప్పటికీ వర్క్‌షాపు బీరువా మీదే ఉంది. దాళ్వా వరి కోతల రోజులు, రిపేరుకొచ్చిన హార్వెస్టర్లన్నీ నా గుమ్మంలోనే ఉన్నాయి. సొంత మావయ్యే కదా, ఆగుతారులే అనుకున్నాను. ఆయన రెండోసారి అడిగితే, "ఫ్యాన్ పెట్టేదాకా ముందు గ్రిల్‌కి తడి గోనె కట్టండి మావయ్యగారూ, నీళ్లకుండకి కట్టమా?" అన్నాను.

కుండ వేరు, కూలర్ వేరు. గోనె తడిదైనా పొడిదైనా వచ్చే కాస్త గాలినీ ఆపేస్తుంది. మెకానిక్‌ని, నాకు తట్టలేదు. ఆయన మాత్రం అల్లుడి మాట కదా అని రోజూ పొద్దున్నే బకెట్టుతో తడిపారు.

అత్తయ్యకి గుండెనొప్పి వచ్చిన రోజు ఆ కంగారులో తడపలేదు. మేత బస్తాలు కూడా దింపకుండా ఆవిణ్ణి ఎక్కించుకుని ఆసుపత్రికి బయల్దేరారు. గట్టు మీద సగం దూరంలో బండి లాగడం మానేసింది. ఆటో దొరికేసరికి ముప్పావుగంట పట్టింది. సాయంత్రం ఆ బండిని నా దగ్గరికే లాక్కొచ్చారు. గేర్ ఆయిల్ తీస్తే తారులా ఉంది. అది ఒక్కపూటలో మాడిన ఆయిల్ కాదు రామలక్ష్మీ. తడి గోనె వెనక పదిహేను రోజులుగా ఉడుకుతూనే ఉంది. ఆ రోజు ఆయన పది బకెట్లు పోసినా బండి ఆగేది.

ఇంటికెళ్తే మావయ్యగారు "తడపలేదర్రా, తడిపుంటే బతికేది" అని తల బాదుకుంటున్నారు. నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను. నువ్వొచ్చి ఆయన్ని అనరాని మాటలన్నప్పుడూ ఊరుకున్నాను. మూడు నెలల్నుంచీ ఊరుకుంటూనే ఉన్నాను. మీ అమ్మ పోవడానికి కారణం మీ నాన్నగారు కాదు, నేను.

మొన్న శుక్రవారం వెళ్లి ఆయనకి అంతా చెప్పాను. కొడతారనుకున్నాను. కొడితే బాగుణ్ణనిపించింది. కండువాతో మొహం తుడుచుకుని, "ఈ మాట అమ్మాయికి చెప్పకండి అల్లుడుగారూ. నాతో మాట్లాడకపోయినా దానికి రోజులు వెళ్లిపోతాయండి. మీతో కాపురం చెయ్యాలి కదా" అన్నారు. హారతి మీద ఒట్టు వెయ్యమన్నారు. నేను చెయ్యి లాగేసుకుని వచ్చేశాను.

ఆయన పూటకి నాలుగు మెతుకులు తింటున్నారు. ఫోను మోగినప్పుడల్లా నువ్వేనేమోనని ఆ కాలుతోనే లేస్తున్నారు. నన్నేం చేస్తావో నీ ఇష్టం, కాదనను. ముందు ఆయనకి ఫోను చెయ్యి. నేను రాశానని మాత్రం అనకు. కూతురు తనంతట తనే క్షమించిందనుకోనీ.

ఇట్లు,
మీ నాన్నగారి అల్లుడు,
సత్యప్రసాద్