ఇసుక వస్తుందన్నారు

మే 4
పొద్దున్నే మండుతోంది. కాలేజీకి సెలవులే కానీ ప్రిన్సిపాల్ ఫోన్... కరీంనగర్‌లో సభ, ఫిజిక్స్ చెప్పేదాన్ని కాబట్టి నేనే పోయి మాట్లాడాలట. ఆకాశంలో బాగా ఎత్తున సన్నటి పొడి చల్లి, ఎండను కొంత వెనక్కి పంపే ఉపాయం ఒకటి ఉంది. దాని మీద పరిశోధనకు సర్కారు డబ్బు పెట్టాలా, వద్దా? జనం ఏమంటారో వింటారట. నా మాట సిద్ధంగానే ఉంది. వద్దు. బొగ్గు కాల్చడం తగ్గించండి, అంతే. బొగ్గుబావి జీతంతో చదువుకున్నదాన్ని, ఈ మాట అనడానికి కొంచెం సిగ్గుపడాలేమో. పడను.

మే 6
రాసుకుంటున్నాను. బాపు పనిచేసిన బావి సంగతే చెబుతాను. లోపల పైకప్పు కూలకుండా బొగ్గునే పిల్లర్లుగా వదిలేవాళ్లు. తవ్విన ఖాళీల్లో గోదావరి ఇసుక నింపుతామన్నాక, ఆ పిల్లర్లు కూడా తవ్వడం మొదలైంది. ఆ ఏడు ఇసుక టైముకు రాలేదు. కప్పు కూలి, బాపు కుడికాలు దాని కిందే నలిగింది. ఈ పొడి కూడా అంతే. అది వస్తుందన్న ధైర్యంతో ఇంకా తవ్వుతారు.
చదివి వినిపించాను. బాపు నవ్వాడు. "నా కాలు గిన్నేండ్లకు నీకు పనికొచ్చింది బిడ్డా."

మే 9
తమ్ముడు పడిపోయాడు. ఓపెన్‌కాస్ట్ గనిలో, డంపర్ స్టీరింగ్ మీదే. మట్టి తోలే కాంట్రాక్టర్ దగ్గర డ్రైవర్ వాడు. క్యాబిన్‌లో ఏసీ ఎప్పటినుంచో పనిచేయడం లేదు. వడదెబ్బ. కరీంనగర్ ఆసుపత్రిలో చేర్చాం. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. నన్ను చూసి "మీరెవరు" అన్నాడు.
నన్ను!

మే 10
తెలివి వచ్చింది. "అక్కా" అన్నాడు. వరండాలోకి వచ్చి ఏడ్చాను.

మే 12
తమ్ముడి భార్య సుజాత. మంచం పక్కన తడిగుడ్డ పిండుతూ, నా మొహం చూడకుండా —
"వదినా, గా మీటింగుల నువ్వు వద్దంటవట?"
బాపు చెప్పి ఉంటాడు. ఇసుక కథ ఆమెకూ చెప్పాను, బాగా వివరంగా, క్లాసులో చెప్పినట్టు.
"మంచిదే. బొగ్గు ఆపుమను. అది ఆగేదాకా గీయన ఉంటడా?"
కోపం వచ్చింది. ఆమె మీద కాదు. పొడి చల్లితే వానలు తప్పొచ్చు, ఆదిలాబాద్ పత్తి చేలు ఎండొచ్చు, మధ్యలో ఆపేస్తే ఎండ ఒక్కసారిగా మీద పడొచ్చు... అన్నీ తెలుసు. ఎక్కడిదాకా నిజమో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలుసుకోవడం కూడా వద్దనడానికి నేనెవరిని? తమ్ముడి పెదాలు ఇంకా పగిలే ఉన్నాయి.

మే 15
సభ. హాల్లో ఏసీ ఎంత చల్లగా ఉందంటే కొంగు కప్పుకున్నాను. రాసుకున్న కాగితం బ్యాగులోంచి తీయలేదు. "పరిశోధన చేయండి. డబ్బు సర్కారే పెట్టాలి, అందరి ముందూ చేయాలి" అన్నాను. చప్పట్లు. "కానీ దీన్ని చూపించి కొత్త బొగ్గు తవ్వొద్దు" — చప్పట్లలో ఆ మాట నాకే వినబడలేదు. ఎవరికబ్బా ఇంత సంబరం అని చూస్తే, ముందు వరుసలో కాంట్రాక్టర్లు. తమ్ముడి కాంట్రాక్టర్ కూడా.
భోజనాల దగ్గర వచ్చి దండం పెట్టాడు. "మస్తు చెప్పిండ్రు మేడం. ఇగ ఫికర్ లేదు. కొత్త బొగ్గు క్వారీకి ఎవ్వలు అడ్డం రారు."
నేను అలా అనలేదు అన్నాను. అప్పటికే ఇంకొకరికి దండం పెడుతున్నాడు. నా ప్లేటులో గులాబ్ జామున్. తిన్నాను కూడా. నా మీద నాకే అసహ్యం.

మే 16
బాపు పేపర్లో సభ వార్త చూశాడు. కర్ర అందుకుని వాకిట్లోకి పోయాడు. తిట్టినా బాగుండు.

మే 17
కరెంటు లేదు. రాయబుద్ధి కావడం లేదు.

మే 20
తమ్ముడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడో లేదో, డ్యూటీకి పోతానంటున్నాడు. వానలు పడేదాకా వద్దన్నాడు డాక్టర్. మనుషులు తక్కువున్నారని కాంట్రాక్టర్ ఫోన్ చేశాడట. మరి ఏసీ?
"బాగు చేయిస్తనన్నడు."
సుజాత నా చేయి పట్టుకుంది. "నువ్వన్న చెప్పు వదినా, నీ మాట ఇంటడు."
వద్దురా అన్నాను. బతిమాలాను. బూట్లు వేసుకుంటూనే విన్నాడు.
"ఊకె పరేషాన్ గాకు అక్కా. ఎండ తగ్గిస్తరని మీటింగుల నువ్వే చెప్పినవట గద. మా కాంట్రాక్టర్ అందరికి చెప్తుండు."
పరిశోధనేరా, చల్లడం కాదు... ఎన్నేళ్లు పడుతుందో, అసలు చల్లుతారో లేదో...
"గదే అక్కా. ఎప్పుడు షురూ చేస్తరు? గీ ఎండకాలంలనేనా?"
గడపలో బాపు. కర్ర మీద ఆనుకుని నా వైపే చూస్తున్నాడు, నేనేమంటానా అని. బయట కాంట్రాక్టర్ జీపు హారన్ కొట్టింది. వాడు నీళ్ల డబ్బా తీసుకుని పోయాడు.
ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. డంపర్ నడిపేటప్పుడు ఎత్తడు. ఎప్పుడూ ఎత్తడు కదా.