పెండలం కాదు

3 ఫిబ్రవరి 1969
ప్రత్యేక తెలంగాణ స్ట్రైకు. కాలేజీ మళ్ళీ మూసేశారు. చిక్కడపల్లిలో కూరగాయలవాళ్ళు కూడా లేరు. మా అశోక్‌నగర్ ఇంటి పక్కన కడుతున్న ఇంటి పనీ ఆగిపోయింది. కూలీ ఆశన్న, భార్య మాసమ్మ, తల్లి నర్సింహమ్మ అక్కడే రేకుల షెడ్డులో ఉంటారు. పాలమూరు వాళ్ళు. రెండు రోజులుగా పొయ్యి వెలగలేదట. నా భార్య అరుంధతి డబ్బా అడుగున ఉన్న బియ్యంలో సగం ఇచ్చి వచ్చింది. నేనేం చేస్తానో అన్నట్టు నా వంక చూసింది.

4 ఫిబ్రవరి, ఉదయం
పెరటి గోడ మీద సగం ఎండిన తీగ. తమలపాకులాంటి ఆకులు. పెండలం. అమలాపురం వదిలాక తినలేదు, నోరూరింది. ఆశన్నతో తవ్విస్తే మూడు దుంపలు. రెండు వాళ్ళకు, ఒకటి మాకు.

ఆశన్న గడ్డపార కడగడానికి వెళ్ళాక మాసమ్మ దుంప గీరి చూసింది. ఇది చేదుగడ్డ సారూ, మా దిక్కు అడివిల ఉంటది, ముక్కలు కోసి రాత్రంత పారే నీళ్ళల్ల పెట్టినంకనే తింటం అంది. పదకొండేళ్ళుగా బోటనీ చెబుతున్న నాకు! నవ్వాను. నానబెట్టక్కర్లేదు, ఉడకేసి తినెయ్యమన్నాను.

మధ్యాహ్నం ఒంటిగంట
అరుంధతి వేపుడు చేసింది. ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్నాను. కటిక చేదు. ఉమ్మేసి పెరట్లోకి పరుగెత్తాను.

పెండలం కాడ నాలుగు పలకలుగా ఉంటుంది, కుడివైపు చుట్టుకుంటుంది. ఇది గుండ్రం. ఎడమకు చుట్టుకుంది. ఫస్టియర్ పిల్లలకు చెప్పే పాయింటు ఇది. పైన పటారం, లోన లొటారం నా చదువు.

గోడ ఆరడుగులు. ఒక్క కేక వేస్తే అవతల షెడ్డులోకి వినపడుతుంది. వెయ్యలేదు. చేదైతే వాళ్ళే పారేస్తారులే అనుకున్నాను. అబద్ధం. మాసమ్మ ముందు తప్పొప్పుకోవడం నామోషీ అనిపించింది. అంతే.

5 ఫిబ్రవరి
పారెయ్యలేదు. సారు చెప్పిండని చింతపండు పులుసు పోసి తిన్నారు. ముగ్గురికీ వాంతులు. నర్సింహమ్మను రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

6 ఫిబ్రవరి
ఆశన్న వచ్చాడు. వెనక మాసమ్మ. నానబెట్టొద్దని సారే చెప్పిండంటున్నది, నిజమేనా సారూ అని అడిగాడు. సరిగ్గా వండుకోమన్నాను అన్నాను. నా నోటితోనే అన్నాను. ఆశన్న నా ఎదుటే మాసమ్మను కొట్టాడు. నేను వద్దు వద్దన్నాను, పెద్దమనిషిలా.

అరుంధతి అన్నం వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను నవ్వడం వంటింట్లోంచి విన్నది కదా.

9 ఫిబ్రవరి
నర్సింహమ్మ ఇంటికొచ్చింది. బతికింది. అమ్మయ్య అనుకున్నాను, ఆమె కోసమో నా కోసమో తెలియదు. మాసమ్మను పొయ్యి ముట్టనివ్వడం లేదట. అత్తను చంపబోయిందని సైటు వాచ్‌మన్ కూడా అంటున్నాడు. పనులు మొదలు కాగానే ఆమెను పుట్టింటికి తోలేస్తాడట ఆశన్న.

10 ఫిబ్రవరి
రేపు చెబుతాను.

11 ఫిబ్రవరి
షెడ్డు దాకా వెళ్ళాను. నర్సింహమ్మకు ఒళ్ళెలా ఉందని అడిగి వచ్చేశాను.

13 ఫిబ్రవరి
కుర్రాళ్ళు రాళ్ళు పట్టుకుని గేటు దగ్గరకొచ్చారు. ఆంధ్రోని ఇల్లు ఇదేనా అని అడిగారు. ఆశన్న అడ్డం నిలబడ్డాడు. ఈ సారు మంచోడు, ఆకలిగున్ననాడు మాకు తిండి చూపిండు, నమ్మకుంటే మా ఆమెనడుగుండ్రి అన్నాడు.

మాసమ్మ కిటికీలో ఉన్న నన్ను చూసింది. అవునంది.