చిలుము సాయిబు

తోటపల్లి గూడూరు,
1962, శుక్రవారం మధ్యాహ్నం

ముంతాజ్ అబ్బాకు జమాల్‌బీ సలాం చెప్పుకుని రాసేది ఏమంటే,

అల్లా దయవల్ల మీ అమ్మ, నేను, ముంతాజు ముగ్గురమూ వేళకింత తిని, జ్వరం గిరం లేకుండా ఉండాము. మీరు కూడా బాగుండానని రాసినారు గానీ, మీ అక్షరాలు ఆ మాట చెప్పడం లేదు. అన్నీ వంకరపోయినాయి. హార్బరులో మూటలు మోసి మోసి వేళ్ళు బిగుసుకుపోయినాయా, లేకపోతే కూర్చుని రాసే చోటు కూడా లేదా? కొబ్బరి నూనె వెచ్చచేసి రుద్దుకోండి. మద్రాసులో కొబ్బరి నూనెకేం కరువు.

మీరడిగిన వాటికి ఒక్కోటీ చెబుతా. అమ్మ మోకాళ్ళ నొప్పి అట్లనే ఉండాది, నమాజు మంచం మీద కూర్చునే చేస్తుండాది. వానలకు ముందే తాటాకు మార్పించినా, ఇల్లు కారడం లేదు. నా మిషను ఆడుతుండాది. మన వీధి వాళ్ళు రవికలు ఇవ్వకపోయినా వరిగొండ నుంచి వచ్చి ఇచ్చి పోతుండారు. మీ కళాయి అంగడి తలుపు తియ్యలేదు. కొలిమి తిత్తిని ఎలకలు కొరకకుండా దూలానికి వేలాడదీసినా.

ఇంక ఆఖర్న అడిగినారే, "ఊళ్ళో ఆ మాట ఇంకా అంటుండారా?" అని. దానికి జవాబు రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

పోయిన వారం దాకా అంటానే ఉండినారు. పోయిన నెల పోస్టుమాను కొత్తాయన వచ్చినాడు. కామాక్షయ్య పంతుల్ని మన ఇల్లు అడిగితే, "చిలుము సాయిబు ఇల్లా? అదిగో" అని చూపించినాడంట. మౌలా అనే మీ పేరే ఎవురికీ తెలియకుండా పోయింది. పంతులు కళంకం అనేవాడు, కాపుల ఇళ్ళలో మచ్చ అనేవాళ్ళు, మీ అమ్మ బదనాం అని ఏడ్చేది. ఒక మనిషి పేరు మాయడానికి ఎన్ని మాటలుండాయో చూడండి! మళ్ళీ తేటపడడానికి ఒక్క మాటా దొరకలేదు నాకు. మీరు అనేవాళ్ళు గదా, గిన్నె మాసింది వేరు, చిలుము పట్టింది వేరు, మాసింది పైన ఉంటాది, చిలుము లోపలికి తింటాది అని. మీరు అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో ఆ మాటే నాకు గుర్తొచ్చేది.

ముంతాజు సంగతి మీకు రాయకుండా దాచినా. ఇప్పుడు రాయాల. తన జతగత్తె చెంగమ్మ చచ్చిపోయినాక బిడ్డ కొన్నాళ్ళు ఏమీ అడగలేదు. తర్వాత మూసిన అంగడి ముందర మూడు రాళ్ళు పెట్టి, కొబ్బరి చిప్పలో ఇసక పోసి వంట ఆట మొదలుపెట్టింది. రెండు ఆకులు వేస్తాది. ఒకటి తనకి, ఒకటి చెంగమ్మకి. ఆ ఆకు వైపు తిరిగి మాట్లాడతాది, నవ్వతాది, జవాబు విన్నట్టు తల ఆడిస్తాది. మీ అమ్మ భయపడి కసుమూరు దర్గాకు తీసకపోయి తాయెత్తు కట్టించింది. తాయెత్తు ఉండాది, చెంగమ్మా ఉండాది. నేను మిషను తొక్కుతా ఆ పక్కకు చూడకుండా ఉండడం నేర్చుకున్నా.

పోయిన వారం ఎండపొద్దున హజరత్తయ్య పెండ్లాం, చెంగమ్మ తల్లి వెంకటశేషమ్మ గడ్డిమోపు ఎత్తుకుని మన దడి పక్కన పోతుండాది. బిడ్డ పోయినాక ఆ మనిషి మన వీధిన నడవడం అప్పుడే మొదటిసారి చూసినా. అప్పుడే ముంతాజు దడి లోపల ఆటలో అంటుండాది, "చెంగమ్మా, నువ్వు పులుసు పోసుకోబాక. నీకు మజ్జిగ ఇస్తాలే."

గడ్డిమోపు కిందపడిన చప్పుడైంది. నేను బయటికొచ్చేసరికి ఆమె దడి పట్టుకుని కూలబడి ఉండాది. లోపలికి తెచ్చి నీళ్ళిచ్చినా. తాగలేదు. ముంతాజు వేసిన ఆ రెండో ఆకు వైపే చూస్తా కూర్చునింది.

ఇక్కడి నుంచి రాసేది మీరు పక్కన ఎవురూ లేనప్పుడు చదవండి. ముందే రాసుంటే మిగతా ఉత్తరం మీ కళ్ళకు ఆనదని కిందకి పెట్టినా.

ఆమె అనింది, "జమాల్‌బీ, మీ ఆయన కళాయి పెట్టిన గుండిగలు అన్నానికీ పప్పుకీ సరిపోయినాయి. మరిది పెళ్ళికి అనుకున్నదానికంటే జనం ఎక్కువ వచ్చినారు. పులుసుకు గిన్నె చాలక అటక మీది పాత గుండిగ నేనే దించినా. లోపల చిలుము పట్టి పచ్చగా ఉండింది. చింతపండు పెట్టి తోమినా. తళతళా మెరిసింది. చాల్లే అనుకున్నా. మిగిలిన పులుసు రాత్రంతా కళాయి లేని దాంట్లోనే ఉండిపోయింది. తెల్లారి చెంగమ్మ ఆకలంటే నా చేత్తోనే కలిపి పెట్టినా."

వింటుండారా? మీ కళాయి కాదు. మీరు ఉత్తరం ఉత్తరానికీ రాస్తుండారే, మూడో గుండిగ అడుగున కళాయికి ముందు రుద్దే నవాసారం సరిగా పట్టిందో లేదో, జుమ్మా నమాజుకు వేళయిందని తొందరపడినానేమో, ఆ గుండిగ కలలోకి వస్తుండాదని. ఆ గుండిగలో పప్పు ఉండింది. పప్పు తిన్నోళ్ళకు ఏమీ కాలేదు. మీ చెయ్యి ఎవురినీ చంపలేదు.

నాకు మాత్రం సంతోషం రాలేదు, మంట వచ్చింది. "ఏడాదిగా నోరెందుకు కట్టేసుకున్నావు? మీ ఆయన నా మొగుడి కొలిమి కాలితో తన్ని, నా బిడ్డను తిన్నావురా అన్నప్పుడు నువ్వు యాడున్నావు?" అని అరిచినా.

"ఇంట్లోనే ఉన్నా" అనింది. "అందరూ మీ ఇంటి వైపు చూస్తుంటే నా వైపు ఎవురూ చూడలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటా ఉండిపోయినా."

"లెయ్యి, పో" అన్నా. పోయింది.

తెల్లారి నేను హజరత్తయ్య ఇంటికి పోయినా. నడివీధిలో నిలబడి చెప్పేయాలనే పోయినా. ఆయన ఎద్దుకు కుడితి పెడుతుండాడు. నన్ను చూసి మొగం తిప్పుకున్నాడు. "అన్నా, ఒక మాట" అన్నా. అంతలో తలుపుచాటున ఆమె కనపడింది. ద్వారబంధం పట్టుకుని, నేను ఏమంటే దానికి సిద్ధంగా నిలబడి ఉండాది. "ముంతాజుకు కాస్త మజ్జిగ కావాల" అన్నా.

ఆమె బయటికొచ్చి, "మజ్జిగకు కాదు ఆమె వచ్చింది" అని, నాకు చెప్పిందంతా ఆయనకు చెప్పేసింది. ఏడవకుండా చెప్పింది.

హజరత్తయ్య కుడితి తొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఎద్దు ఆయన భుజం నాకుతున్నా కదల్లేదు. తలెత్తి, "ఇది ఇంకెవురికి తెలుసు?" అని అడిగినాడు. మా అత్తకు కూడా చెప్పలేదన్నా. లేచి లోపలికి పోయినాడు. ఆమెను కొడతాడేమోనని నేను వాకిలి దాకా పోయినా. చొక్కా తొడుక్కుని, కండువా వేసుకుని వచ్చి వీధిలోకి నడిచినాడు. నేను వెనకే పోయినా.

బస్సాగే చోట టీ అంగడి ముందర పదిమంది ఉండారు. పంతులు కూడా ఉండాడు. హజరత్తయ్య అరుగు ఎక్కలేదు, కిందనే నిలబడి అన్నాడు.

"మౌలా మీద మనం వేసింది అబద్ధపు నింద. వాడు కళాయి పెట్టిన గుండిగలో పులుసు కాయలేదు. అటక మీది పాతది నేనే దించినా. చిలుము కళ్ళారా చూసి కూడా, ఏం కాదులే పొయ్యండి అన్నా. నా బిడ్డను నేనే పోగొట్టుకున్నా."

నేనే దించినా అన్నాడండీ. నా నోరు తెరుచుకుంది. అది అబద్ధమని అక్కడ నాకొక్కదానికే తెలుసు. ఆయన నా వైపు ఒక్కసారి చూసినాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికి వచ్చేసినా.

అప్పటి నుంచి మన గడప ముందర కళాయికి గిన్నెలు పేరుతుండాయి. "మౌలా ఎప్పుడొస్తాడమ్మా?" అని ఎంత మర్యాదగా అడుగుతుండారో! మీ అమ్మ సంబరంతో వీధరుగు దిగి నడుస్తుండాది. నేను ఆమెతో కలిసి నవ్వలేక మిషను ముందర కూర్చుంటుండా. ఆ మాట ఊరు విడిచి పోలేదు, ఇల్లు మారింది అంతే. నిన్న సంతలో ఒకామె నాకు సంతోషంగా ఉంటుందని కాబోలు, హజరత్తయ్య పోతుంటే వినపడేటట్టే, "బిడ్డను తిన్నోడు" అనింది. "అట్లా అనబాకమ్మా" అన్నా. "మీ ఆయన్ని అన్ని మాటలన్నాడు, నీకెందుకంత జాలి?" అని నన్నే విడ్డూరంగా చూసింది. ఆయన విననట్టు పోయినాడు. అరటిపండ్లు కొన్నాడు గానీ తీసుకోవడం మరిచి పోయినాడు.

వెంకటశేషమ్మ ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వస్తుండాది. నాతో మాట్లాడదు. ముంతాజు పక్కన కూర్చుంటాది. నిన్న ముంతాజు మూడో ఆకు వేసింది. ఆమె ఆ ఇసకను చేత్తో కలిపి, ముద్ద చేసి, పక్కనున్న ఖాళీ ఆకులో పెట్టింది. ముంతాజు "చాలంట" అనింది. ఆమె చెయ్యి తీసేసింది. నేను చూడలేక లోపలికి పోయినా.

ఈ నిజం ఆ మొగుడూపెండ్లాలకూ నాకూ తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు. అమ్మకు చెప్పబాకండి. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టండి. మీ మీద పడిన మాట తీసి ఆ తల్లి మీద వేసే హక్కు మీకుండాది, నేను కాదనను. మీరు వచ్చి చెప్పాలంటే చెప్పండి. కానీ ముందు ఆమెను ఒకసారి చూడండి, తర్వాత చెప్పండి.

రండి. బస్సు దిగినాక నేరుగా ఇంటికి రాబాకండి. అమ్మకు నేను సర్ది చెప్పుకుంటా. హజరత్తయ్య ఇంటికి పోండి. ఆయన తలెత్తకపోవచ్చు, కూర్చోమని అనకపోవచ్చు. మీరే అన్నా అని పిలిచి, ఆయన పక్కన కాసేపు కూర్చుని రండి. అన్నం నేను అంతవరకూ మూసిపెట్టి ఉంచుతా.

ఇట్లు,
మీ రాకకు ఎదురుచూసే ఇల్లాలు,
ముంతాజ్ అమ్మ జమాల్‌బీ