ఎర్రపట్టీల పురుగుకి రెండు కొమ్మలు

అక్కా,

నువ్వు పోయాక ఏడాదికి మన పురుగుల డీఎన్‌ఏ పరీక్ష ఫలితం వచ్చింది. తాకితే బొబ్బలెక్కే ఆ ఎర్రపట్టీల పురుగులు రెండు జాతులని నువ్వు, ఒకటేనని నేను, బాపట్ల ల్యాబులో టీలు చల్లారబెట్టుకుని మరీ పోట్లాడుకున్నాం కదా. ఆ ఫలితంలోనూ ఏమీ తేలలేదు. నువ్వు సూదులకు గుచ్చి దాచినవి పాతబడ్డాయట, తాజావి పంపమన్నారు.

విసుక్కుంటూనే కాకుమాను వెళ్లాను. ఎప్పుడూ నువ్వు పురుగులు ఏరే పెసర చేను నిండా పూత ఉంది, పురుగు లేదు. రైతు సంబరంగా ఎదురొచ్చాడు.

"మొన్ననే మందు కొట్టానండి. ఒక్కటి మిగిలితే ఒట్టు. మేడంగారు రాలేదేంటండి? ఆవిడకి చెప్పండి, సంతోషిస్తారు."

నువ్వు లేవన్న సంగతి అతనికి తెలియదు. సరే చెప్తానన్నాను. ఇదిగో, చెప్తున్నాను.

తిరుగు బస్సులో బాపట్ల దాకా నీతోనే పోట్లాడాను. ఏ పురుగు దేనికి చుట్టమో చూపే మన వంశవృక్షం రేపు పత్రికకి పంపాలి, ఇంక ఆగమంటే వాళ్లు ఆగరు. నీ పురుగుల్ని రెండు కొమ్మలుగానే గీశాను, ఇంకా రుజువు కాలేదని చుక్కల గీతతో. గెలిచానని మురిసిపోకు. నేనింకా ఒప్పుకోలేదు.